నన్ను గీత బయట పెట్టండి

పైలాంగ్ గ్రామం, తూర్పు గట్టు, ప్లాట్ 318
ఐదో నెల, పడవ పందేల పండుగ మర్నాడు

జిల్లా కార్యాలయంలో గీతలు గీసే సెక్షను, ఫాంగ్ యీజెన్ దొరగారికి,

దింగ్ జిన్‌షీ అనే ఆల్చిప్పల రైతు వంగి నమస్కరించి రాసుకునేది. ఇక్కడ ఎండలు మండిపోతున్నాయి. ఆల్చిప్పలు సన్నంగా ఉన్నాయి. నేను బాగానే ఉన్నాను. తమరు చల్లగా ఉన్నారని తలుస్తాను. మీ కార్యాలయంలో ఏసీ ఉందని విన్నాను.

పోయిన వారం మా మాజూ అమ్మవారి గుడి ముందు పందిరి వేసి మీ వాళ్ళు సభ పెట్టారు. పొట్టి జుట్టు కుర్రాడొకడు గోడకు పెద్ద పటం తగిలించి చక్కగా వివరించాడు. గొంతు ఇంకా విచ్చుకోలేదు గానీ తెలివైనవాడు. ఈల్ చేపల చెరువులకని భూమిలో నీళ్ళు తోడి తోడి మన నేల కుంగిపోయిందనీ, అటు సముద్రం ఏటేటా పైకి లేస్తోందనీ, అందుకని ఊరు ఇకమీదట ఎర్రగీత లోపలే పెరగాలనీ చెప్పాడు. లోపలి వాళ్ళకు కరకట్ట, పంపులు. బయట కొత్త ఇల్లు కట్టకూడదు, పాతది పడిపోతే లేపకూడదు. బయటివాళ్ళందరినీ కొండల దగ్గర జూలిన్ కాలనీకి పంపిస్తారట.

ఆ ఎర్రగీత సరిగ్గా మా కాలువ మధ్యలోంచి పోయింది. తూర్పు గట్టు లోపల, పడమటి గట్టు బయట.

చివర్లో ‘మీ అభిప్రాయం మాకు అమూల్యం’ అని ఫారాలు పంచారు. నాకు డెబ్బై మూడేళ్ళు. ప్రభుత్వం నా అభిప్రాయం అడగడం ఇది రెండోసారి. మొదటిసారి సైన్యంలో ఒక హవల్దారు ‘చారులో ఉప్పెక్కువైందా?’ అని అడిగాడు. అవునన్నాను. నెల రోజులు గిన్నెలు తోమించాడు. అందుకని ఈసారి వారం రోజులు ఆలోచించి రాస్తున్నాను.

నా ఇల్లు తూర్పు గట్టున ఉంది. గీత లోపల పడింది. దయచేసి నన్ను గీత బయట పెట్టండి.

అంతే. ఇక సెలవు.

ఇట్లు,
దింగ్ జిన్‌షీ (ముద్ర తలకిందులుగా పడింది. మనిషిని నేనే.)

తా.క. సభలో భోజనం డబ్బాలు బావున్నాయి. లోపలివాళ్ళకూ బయటివాళ్ళకూ ఒకే సైజు మాంసం ముక్క వేశారు. న్యాయమంటే అది.

*

జిల్లా కార్యాలయం, నగరాభివృద్ధి సెక్షను
అభిప్రాయం నం. 41

శ్రీ దింగ్ జిన్‌షీగారికి,

నమస్కారం. తమ అమూల్యమైన అభిప్రాయం అందినది. ప్రజా భాగస్వామ్యం పట్ల తమకున్న ఆసక్తికి సెక్షను తరఫున కృతజ్ఞతలు.

తమరు ఫారంలో ‘లోపల’ అనే గడికి బదులుగా పొరపాటున ‘బయట’ అనే గడిలో టిక్కు పెట్టినట్లు గమనించడమైనది. వయోవృద్ధుల సౌకర్యార్థం మేమే దానిని సరిదిద్దినాము. తమ ఇల్లు ఇప్పటికే గీత లోపల ఉన్నందున తమ వినతి పూర్తిగా మంజూరైనట్లు తెలియజేయుటకు సంతోషిస్తున్నాము.

ఇట్లు,
ఫాంగ్ యీజెన్

తా.క. నేను దొరను కాను, ఆడపిల్లను. పటం ముందు నిలబడి మాట్లాడిన పొట్టి జుట్టు కుర్రాణ్ణి కూడా నేనే.

*

పైలాంగ్, ఆరో నెల

ఫాంగ్ అమ్మాయిగారికి,

ముందుగా క్షమించమని వేడుకుంటున్నాను. ఆ రోజు కళ్ళద్దాలు తెప్పలో మర్చిపోయి వచ్చాను. మీ గొంతు విచ్చుకునే ఉంది. మైకుదే తప్పు.

ఇక అసలు సంగతి. నేను పొరపాటు పడలేదమ్మా. యాభై ఏళ్ళుగా చిప్పలు గుచ్చి తాళ్ళు కడుతున్నవాణ్ణి, ఏది లోపలో ఏది బయటో నాకు తెలియదా? గుచ్చాల్సిన వైపు గుచ్చకపోతే చిప్ప జారి సముద్రంలో పడుతుంది. నేను బయట అనే రాశాను, బయట అనే టిక్కు పెట్టాను. మీరు దాన్ని దిద్దినట్టు ఉత్తరం రాగానే మా గ్రామపెద్ద వాంగ్‌ఫా నన్ను అభినందించడానికి బొప్పాయి పట్టుకొచ్చాడు. బొప్పాయి తినేశాను, అభినందన మాత్రం తిప్పి పంపాను.

దయచేసి నా టిక్కు నాకు తిరిగి ఇప్పించండి.

ఉంటాను,
దింగ్ జిన్‌షీ

తా.క. పడమటి గట్టు ఆహువో లోపలికి రావాలని మూడు ఫారాలు రాసి, మూడింటి మీదా ముద్ర కొట్టుకుని తిరుగుతున్నాడు. ‘నువ్వు బయటికెళ్ళు, నేను లోపలికొస్తా, సరిపోతుంది గదా’ అంటున్నాడు. ఇలా మనుషుల్ని మార్చుకోవడానికి మీ దగ్గర విడిగా ఫారం ఏమైనా ఉందా?

*

జిల్లా కార్యాలయం
విషయం: అభిప్రాయం నం. 41 — కారణం కోరుట గురించి

శ్రీ దింగ్ జిన్‌షీగారికి,

నమస్కారం. మార్పిడి ఫారం లేదు. ఆహువోగారు నాలుగో ఫారం రాయవద్దని దయచేసి చెప్పండి.

తమరి ఉత్తరం సెక్షనులో కొంత కలవరానికి దారితీసింది. ఇప్పటిదాకా మాకు నాలుగు వందల పన్నెండు అభిప్రాయాలు వచ్చాయి. అందరూ లోపలికి రానివ్వమన్నవాళ్ళే. బయటికి పంపమన్నది తమరొక్కరే. గీత బయటి భూముల్లో సౌర పలకలు పెట్టడానికి కొన్ని కంపెనీలు తిరుగుతున్నాయని వినికిడి. తమరు అటువంటి ఒప్పందం ఏదైనా చేసుకున్నారేమోనని మా అధికారి సందేహిస్తున్నారు. లేదా ఈల్ చెరువు తవ్వే ఉద్దేశమా?

నిబంధన ప్రకారం, ఉన్న గీతను మార్చమని కోరేవారు కారణాన్ని సవివరంగా, ఏమీ దాచకుండా, స్వదస్తూరీతో రాసి పంపవలెను. అభిప్రాయాలన్నీ ఉన్నవి ఉన్నట్లుగా రికార్డులో చేరతాయని గమనించగలరు.

ఇట్లు,
ఫాంగ్ యీజెన్

తా.క. ఇది అధికారికంగా కాదు. పక్క సెక్షనుల వాళ్ళు కూడా మీ ఫారం చూడడానికి వస్తున్నారు. నీటి పన్నుల ఆయన దాని పక్కన నిలబడి ఫొటో దిగాడు.

*

పైలాంగ్, ఏడో నెల, పన్నెండో రోజు

ఫాంగ్ అమ్మాయికి దింగ్ తాత ఆశీర్వదించి రాసేది,

పెద్దవాణ్ణి, చనువు తీసుకుని నువ్వు అనేస్తున్నాను. దాచకుండా రాయమన్నావు. నాలుగు రోజులుగా కాగితాలు చింపుతున్నాను. ఇది చింపకుండా పోస్టులో వేస్తే నీ అదృష్టం.

సౌర పలకలూ లేవు, ఈల్ చెరువూ లేదు. ఆ చేప మొహం చూస్తేనే నాకు పడదు.

మా ఇంటి పెరటి తలుపు కాలువ మీదికి తెరుచుకుంటుంది. ఎదురుగా, నలభై అడుగుల అవతల, పడమటి గట్టున ప్లాట్ 552. అది లూ యూలువాన్ పెరటి తలుపు. ఆవిడకు డెబ్బై రెండు. రోజూ సాయంత్రం తన గట్టు మీద పీట వేసుకుని ఆల్చిప్పలు ఒలుస్తుంది. నేను నా గట్టు మీద ఒలుస్తాను. మాట్లాడుకుంటాం.

ఏం మాట్లాడుకుంటారని మీ అధికారి అడుగుతాడు. రాసుకో.

‘ఇవాళ గాలి ఎటు?’ అంటుంది.

‘వాయవ్యం’ అంటాను.

‘రేపో?’

‘రేపు చూద్దాం.’

అంతే. ఎన్నో ఏళ్ళుగా అంతే. మంచు కమ్మిన రోజు ఆవిడ కనిపించదు, కత్తి చప్పుడు వినిపిస్తుంది. ఒక్కో చిప్పకూ రెండు దెబ్బలు, టక్ టక్. గట్టు పొడుగునా ముప్ఫై మంది ఆడవాళ్ళు ఒలుస్తున్నా ఆ చప్పుడు నాకు విడిగా తెలుస్తుంది.

నాకు ఇరవై ఒకటో ఏట సైన్యంలో ఎక్కడికి పంపాలో చీటీ తీస్తే, సరిహద్దులోని కిన్మెన్ దీవి వచ్చింది. మూడేళ్ళు. బయల్దేరే ముందు రోజు చిప్పల తాళ్ళు వేలాడదీసే వెదురు పందిళ్ళ దగ్గర ఆటు నీళ్ళలో యూలువాన్ ఒక్కతే ఉంది. ‘నేను వచ్చేదాకా ఆగు’ అని చెబుదామని వెళ్ళాను. దారంతా ఆ మాటే వల్లె వేసుకున్నాను. దగ్గరికి వెళ్ళాక, ‘ఈసారి చిప్పలు లావుగా ఉన్నాయి’ అన్నాను. ‘అవును’ అంది. కాసేపు నిలబడ్డాను. ఆవిడా నిలబడింది. పోటు మొదలైతే ఇద్దరం ఇళ్ళకు వెళ్ళాం.

దీవి నుంచి ఒక్క ఉత్తరం రాయలేదు. ఏం రాయాలో తెలియలేదు. అడగకపోయినా ఆగుతుందనుకున్నాను. తిరిగి వచ్చేసరికి పడమటి గట్టు ఉప్పుమడుల వాళ్ళ కోడలైపోయింది. తప్పు ఆవిడది కాదు. అడగని మాటకు ఎవరు మాత్రం జవాబు చెబుతారు?

తర్వాత నాకూ పెళ్ళైంది. ఆజియావ్ మంచిది. తనకు నేను ఏ లోటూ చెయ్యలేదు. ఇది కూడా రాసుకో. తను పోయి తొమ్మిదేళ్ళు. యూలువాన్ పెనిమిటి పోయి పద్నాలుగేళ్ళు. గుడి దగ్గర వంతెన ఉంది, రెండు నిమిషాల నడక. పెళ్ళైన ఇంటికి నేనెందుకు వెళ్ళాలని అప్పట్లో దాటలేదు. ఆ తర్వాత దాటకపోవడం అలవాటైపోయింది.

ఇప్పుడు మీరు ఆవిణ్ణి జూలిన్ పంపిస్తారు. అక్కడ కాలువ లేదు. బస్సులో గంటన్నర. లోపల ఉన్న నాకు కరకట్ట ఇస్తారు, పంపు ఇస్తారు, కుళాయి మారుస్తారు. ఎదురుగా మాత్రం ఖాళీ గట్టు. నన్నూ బయట పెడితే నన్నూ జూలిన్ పంపుతారు కదా. పక్క ఇల్లే కావాలని అడగను. నాలుగు వీధుల అవతలైనా సరే. సాయంత్రం అటుగా నడుచుకుంటూ వెళ్తే, గాలి ఎటు అని అడిగే మనిషి ఉంటుంది.

ఇదీ కారణం.

దింగ్ జిన్‌షీ

తా.క. ఇది నీకూ మీ సెక్షనుకూ మాత్రమే. ఆవిడకు తెలియకూడదు. తెలిస్తే రేపటి నుంచి గాలి సంగతి కూడా అడగదు.

*

జిల్లా కార్యాలయం

జిన్‌షీ తాతగారికి నమస్కారాలు,

మీ కారణం అందింది. సెక్షనులో బిగ్గరగా చదివాం. నీటి పన్నుల ఆయన ముక్కు చీదుకుంటూ బయటికి వెళ్ళిపోయాడు.

ఒక శుభవార్త. అభిప్రాయాల సంపుటం అచ్చయింది. మీది నలభై ఒకటోది, ఉన్నది ఉన్నట్లుగా, ఒక్క అక్షరం పోకుండా వేశాం. ఆవిడకు తెలియకూడదన్నారు కాబట్టి గోప్యత పాటించాం. లూ యూలువాన్‌గారి పేరు తీసేసి ‘ప్లాట్ 552 నివాసి’ అనీ, మీ పేరు తీసేసి ‘ప్లాట్ 318 నివాసి’ అనీ మార్చాం. ఇక ఎవరూ పోల్చుకోలేరు. మీ గ్రామ కార్యాలయానికి ఆరు ప్రతులు పంపాం.

నిబంధన ప్రకారం ప్రతి అభిప్రాయం కిందా కార్యాలయం జవాబు కూడా ఉండాలి. దాన్ని మా అధికారి స్వయంగా రాశారు: ‘గాలి దిశ తెలుసుకొనుటకు వాతావరణ శాఖవారి యాప్ ఉచితంగా లభించును. ఇందుకొరకు నివాసం మార్చుకొనవలసిన అవసరం కనబడదు. అయినను కమిటీ పరిశీలనకు పంపడమైనది.’

కమిటీ వచ్చే నెల కూర్చుంటుంది. ధైర్యంగా ఉండండి.

ఇట్లు,
ఫాంగ్ యీజెన్

తా.క. యాప్ జవాబు వద్దని నేను చాలా చెప్పి చూశాను. ఆయనకు పెళ్ళై ఇరవై ఏళ్ళయింది.

*

పైలాంగ్, ఎనిమిదో నెల, పున్నమి వెళ్ళిన నాలుగో రోజు

ఫాంగ్ అమ్మాయికి,

కుశలమేనా అని అడగను. నా కుశలం పోయింది కాబట్టి ఎదుటివాళ్ళది అడిగే ఓపిక లేదు.

మా ఊళ్ళో ముసలివాళ్ళకు సన్న అక్షరాలు కనిపించవు. అందుకని మా గ్రామపెద్ద వాంగ్‌ఫా, మహానుభావుడు, మీ సంపుటాన్ని మైకులో చదివాడు. రోజుకు పది అభిప్రాయాలు. ఐదో రోజు ఉదయం పది గంటలకు నేను తెప్ప మీద ఉన్నాను. నీళ్ళ మీద శబ్దం ఎంత దూరం వస్తుందో నీకు తెలియదు. ‘నలభై ఒకటి. ప్లాట్ 318 నివాసి’ అన్నాడు. ఈ ఊళ్ళో ఇంటి నెంబరు తెలియనివాడు లేడమ్మా. పోస్టు పంచేది కూడా వాంగ్‌ఫానే.

మొత్తం చదివాడు. టక్ టక్ కూడా చదివాడు. ‘గాలి ఎటు’ దగ్గర గొంతు మార్చి ఆడగొంతుతో చదివాడు. చివర్లో మీ అధికారి యాప్ చదివాడు. చుట్టూ ఉన్న తెప్పల వాళ్ళు తాళ్ళు వదిలేసి నా వంకే చూశారు. ఆహువో మాత్రం, ‘అందుకా నువ్వు బయటికి పోతానంది! నేనింకా నీకు మతి పోయిందనుకున్నా’ అన్నాడు.

ఇప్పుడు నా పేరు నలభై ఒకటి. టోఫు అమ్మే ఆవిడ కూడా ‘నలభై ఒకటి గారూ, ఇవాళ గాలి ఎటు?’ అని అడుగుతోంది.

వాళ్ళను భరిస్తాను. యూలువాన్ తలుపు మూసి పదకొండు రోజులైంది. గట్టు మీద పీట లేదు. ఇంట్లోనే ఒలుస్తున్నట్టుంది, చప్పుడు కూడా బయటికి రావడం లేదు.

పున్నమి రోజు మిట్టమధ్యాహ్నం పెద్ద పోటు వచ్చింది. నా వైపు చీలమండ దాకా, ఆవిడ వైపు మోకాళ్ళ దాకా. నీ ఎర్రగీత మీద నీళ్ళు ఒక్క క్షణం కూడా ఆగలేదు. పెరట్లో నిలబడి, ‘యూలువాన్! బల్ల కాళ్ళ కింద ఇటుకలు పెట్టావా?’ అని అరిచాను. చీపురుతో నీళ్ళు బయటికి తోస్తున్న చప్పుడు మాత్రం వినిపించింది. వంతెన దాకా వెళ్ళాను. సగం ఊరు అక్కడే నిలబడి ఉంది, నలభై ఒకటి దాటుతాడా లేదా అని చూస్తూ. తిరిగొచ్చేశాను.

నా అభిప్రాయం వెనక్కి తీసుకుంటున్నాను. కమిటీకి చెప్పు, ముసలాడికి మతి చెడింది, ఇప్పుడు కుదురుకుందని. లోపలే ఉంటాను. అచ్చువేసిన కాగితాలు తడిసిపోయాయని చెప్పి వెనక్కి తెప్పించుకో.

దింగ్ జిన్‌షీ

తా.క. ఎనిమిదో నెల పున్నమి పండుగకని యూలువాన్ ఏటా కాలువ మీదుగా పంపరపనస కాయ విసిరేది. నేను పట్టుకునేవాణ్ణి. ఒక్క ఏడూ నీళ్ళలో పడలేదు. ఈసారి విసరలేదు.

*

జిల్లా కార్యాలయం, తొమ్మిదో నెల

తాతగారూ,

ఈ ఉత్తరం ఎలా మొదలుపెట్టాలో తెలియక మూడుసార్లు తేదీ మాత్రమే రాశాను. ముందు చెడ్డవార్త చెబుతాను. అది నిజానికి మంచివార్త. కాకపోతే ఆలస్యంగా మంచిదయింది.

మీరు వద్దని రాసిన ఉత్తరం చేరేలోపే కమిటీ కూర్చుంది. మీ అభిప్రాయం ఆమోదించారు. నాలుగు వందల పన్నెండింటిలో ఆమోదం పొందింది మీదొక్కటే. గీతను లోపలికి జరపమంటే వాళ్ళకు కష్టం లేదు, బయటికి జరపడమే కష్టమట. ఎర్రగీత ఇప్పుడు కాలువ మధ్యలో నేరుగా వస్తుంది, మీ ఇంటి దగ్గరకు రాగానే లోపలికి వంగి, మీ పెరడు చుట్టూ తిరిగి, మళ్ళీ కాలువలోకి వచ్చి నేరుగా పోతుంది. కొత్త పటం ముద్ర పడిపోయింది. ఐదేళ్ళ దాకా మార్చడానికి వీల్లేదు. మీరు గీత బయట ఉన్నారు.

ఇక రెండోది. పోయిన ఆదివారం క్షమాపణ చెప్పుకుందామని మీ ఊరు వచ్చాను. మీరు చిప్పల పందిళ్ళకు వెళ్ళారు. వంతెన దాటి 552 తలుపు కొట్టాను. ఆవిడ తీశారు. నేనెవరో చెప్పగానే, ‘అది వాడే రాశాడా? మీ ఆఫీసు వాళ్ళు కల్పించి రాశారా?’ అని అడిగారు. ‘ఆయన దస్తూరీ చూపిస్తాను’ అని సంచిలోంచి అసలు కాగితం తీశాను. చేతులు తుడుచుకుని అందుకున్నారు. నిలబడి ఒకసారి చదివారు. కూర్చుని ఇంకోసారి చదివారు. ‘మూడేళ్ళూ పోస్టు వాడు వచ్చినప్పుడల్లా నేను గుమ్మంలోకి వచ్చేదాన్ని’ అన్నారు.

కాగితం ఉంచుకుంటానన్నారు. ‘ఫైలులోదండీ, ఇవ్వకూడదు’ అన్నాను. ‘సరే, నువ్వు టీ తాగు, నేను చదువుతా’ అన్నారు. నేను నాలుగు కప్పులు తాగాను.

నా మీద కోపం ఉంటే ఉంచుకోండి. న్యాయమే.

మీ
యీజెన్

తా.క. ఆవిడకు జిరాక్సు తీసి పోస్టులో పంపాను. నిబంధనలకు విరుద్ధం. రెండు తీశాను, ఒకటి తడిసినా ఇంకొకటి ఉంటుందని.

*

పైలాంగ్, తొమ్మిదో నెల చివర

యీజెన్ తల్లికి,

తాత దీవెనలు. ఇక్కడ గాలి చల్లబడింది. నువ్వు స్వెట్టర్ వేసుకుంటున్నావా?

పోయిన గురువారం సాయంత్రం నేను ఒక్కణ్ణే గట్టు మీద ఒలుచుకుంటున్నాను. గుడి వైపు నుంచి ఊరు ఊరంతా ఒక్కసారి మాటలు ఆపేసినట్టయింది. తలెత్తి చూస్తే వంతెన మీద యూలువాన్. ఒక చంకలో రైస్ కుక్కర్, ఇంకో చేతిలో పీట. వాంగ్‌ఫా మైకు దగ్గరే నిలబడి ఉన్నాడట, అమ్మవారి దయ, ముట్టుకోలేదు.

నేరుగా వచ్చి నా ఎదుట పీట వేసుకుని కూర్చుంది. ఇంత దగ్గరగా చూసి ఎన్నేళ్ళయిందో. కుడి కనుబొమ్మలో తెల్ల వెంట్రుకలు వచ్చాయని నాకు తెలియనే తెలియదు. నలభై అడుగుల నుంచి అవి కనిపించవు.

‘యాప్ ఏమంటోంది?’ అంది.

‘ఏ యాప్?’

‘గాలి యాప్.’

‘నా దగ్గర లేదు.’

‘అయితే నువ్వే చెప్పు.’

‘వాయవ్యం’ అన్నాను.

‘అది నాకూ తెలుస్తోంది, జుట్టు ఎగురుతోంది కదా. ఇంకేం చెప్పాలో అది చెప్పు.’

జిల్లా కార్యాలయానికి నాలుగు ఉత్తరాలు రాసినవాణ్ణి, నాలుక తిరగలేదు. ‘ఈసారి చిప్పలు లావుగా…’ అన్నాను.

యూలువాన్ నా మొహంలోకి ఒక్క క్షణం చూసి, కుక్కర్ ఎత్తుకుని లోపలికి నడిచింది. ‘ప్లగ్గెక్కడ?’ అంది.

చూపించాను. ఆ పూట ఆల్చిప్పల గంజి కాచింది. నేను రెండు గిన్నెలు తాగాను. ఏడుపొస్తే అల్లం ఘాటని చెప్పాను. నమ్మినట్టే ఉంది.

ఇక పని మాట. ఆ పున్నమి పోటుకు తన ఇంటి గోడలో ఇటుకలు కదిలాయి. ఇంకో రెండు పోట్లకు మించి ఆగదు. బయట పడిన ఇల్లు మళ్ళీ కట్టకూడదంటారు కదా. అందుకని తను నా ఇంట్లోనే ఉంటుంది. ఉండేది నా ఇంట్లో అయినప్పుడు ఆ ఇల్లు లోపలుంటేనే మంచిది. పంపూ కరకట్టా వస్తాయి, తన కాళ్ళు తడవవు. నాకు సిగ్గుగానే ఉంది. కానీ అడగక ఒకసారి యాభై ఏళ్ళు పోగొట్టుకున్నాను, కాబట్టి ఇప్పుడు అడిగేస్తున్నాను. నన్ను మళ్ళీ గీత లోపల పెట్టు తల్లీ. ఐదేళ్ళంటే ఐదేళ్ళు ఆగుతాం. ఫారం జత చేశాను. ఈసారి ‘లోపల’ గడిలోనే టిక్కు పెట్టాను, దయచేసి దిద్దకండి.

మీ
దింగ్ జిన్‌షీ

తా.క. నీటి పన్నుల ఆయనకు నా నమస్కారాలు.

తా.క. రెండు. అమ్మాయీ, ఇది యూలువాన్ రాస్తున్నది. వాడు పోస్టుబిళ్ళ వెతుక్కోవడానికి పోయాడు, గబగబా రాస్తున్నా. ఒక సంగతి వాడు నీకు రాసి ఉండడు. ఇళ్ళు కొలవడానికి వచ్చి, బలవంతమేమీ లేదన్న మీవాళ్ళకు జూలిన్‌కు నేను పోనని రెండో నెలలోనే కాగితం రాసిచ్చాను. కొండల్లో నాకు నిద్ర పట్టదు. ఆ కాగితం మీ సెక్షను బీరువాలోనే ఉండాలి, వెతుక్కో. నేను పోతానని వాడికెవరు చెప్పారు? నన్ను అడిగాడా? జిల్లాను అడిగాడు! మొన్న ఈ మాట చెబితే గిన్నె పట్టుకుని కాలువ వైపు తిరిగి కూర్చున్నాడు. గంజి చల్లారిపోయింది.

ఆ ఫారం పట్టించుకోకు. చింపెయ్. సముద్రం వచ్చినప్పుడు వస్తుంది. అది ఊరంతా మింగేదాకా చూడ్డానికి మా దగ్గర ముప్ఫై ఏళ్ళు ఎక్కడున్నాయి? వచ్చినన్ని పోట్లకూ బల్ల కాళ్ళ కింద ఇటుకలు పెట్టుకుంటాం. ఇద్దరం ఉంటే బల్ల ఎత్తడం సులువు.

కొత్త పటం నకలు ఒకటి పంపించు. నా కోసం ఇంతవరకు ఏదీ పక్కకు తిరగలేదు. రోడ్డు కాదు, కాలువ కాదు, వాడి నాలుకైతే అసలే కాదు. ప్రభుత్వం గీత ఒకటి వంగిందంటున్నావు. దాన్ని గోడకు అంటించుకుని చూసుకోవాలి. సరిచెయ్యకు.

— యూలువాన్